పధ్నాలుగో షరతు, పదిహేడో కంప్లయింటు

మా అద్దె ఒప్పందంలో ఒప్పూ లేదు, అందమూ లేదు. ఉన్నవల్లా ఇరవై రెండు షరతులు. అందులో పధ్నాలుగోది ఇది: "అద్దెకున్నవారు ఫ్లాటులో జంతువులను గాని, పక్షులను గాని, చేపలను గాని, పురుగులను గాని, ప్రాణమున్న మరి దేనిని గాని పెంచరాదు." సంతకం పెట్టే రోజున నోరు ఊరుకోక, "నన్ను మా ఆవిడే పెంచుతోందండీ, మరి నా సంగతేమిటి" అన్నాను. ఇంటాయన నవ్వలేదు. కళ్ళజోడు పైనుంచి నన్ను తలనుంచి కాళ్ళదాకా కొలిచాడు.

కొలవడం ఆయనకు అలవాటు. రిటైరైన సర్వేయరు. ఉద్యోగం పోయింది గానీ జేబులో టేపు పోలేదు. మూడు నెలలకోసారి తనిఖీకి వచ్చి గోడలకు ఎన్ని మేకులు కొట్టామో లెక్కపెడతాడు, మేకుకీ మేకుకీ మధ్య దూరం కొలుస్తాడు. కొలత ఆయనది, కలత మాది. పెంపుడు ప్రాణులు వద్దంటాడు గానీ ఏటేటా అద్దె పెంపుడు మాత్రం మానడు. వంటింటి సింకు కింద బొద్దింకలు మేం దిగకముందు నుంచీ పిల్లాపాపలతో కాపురం ఉంటున్నాయి. వాటిచేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకున్నట్టు లేదు.

నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. కాకపోతే ఆ కోపంలో ఆయన వాటా రోజురోజుకీ తగ్గి నా వాటా పెరుగుతోంది. అది తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతుంది.

నేను ఫ్రిజ్ మెకానిక్కుని. ఫ్రిజ్‌లో గ్యాసు కొట్టడం నా వృత్తి, మనుషుల దగ్గర గ్యాసు కొట్టడం ప్రవృత్తి. మా ఆవిడ నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పని చేస్తుంది. కుళాయిలో నీళ్ళు రాకపోయినా, వచ్చినవి ఆగకపోయినా, ఆగినవి రంగు మారి మళ్ళీ వచ్చినా ఊరంతా తిట్టేది ఆవిణ్ణే. రోజుకి ఎనిమిది గంటలు చెవికి ఫోను, ఫోన్లో తిట్లు. పదకొండేళ్ళలో ఆవిడ ఎవరినీ తిరిగి ఒక్క మాట అనలేదు. అనకూడదు, ప్రతి మాటా రికార్డవుతుంది. "అర్థమైందండీ, మీ కంప్లయింటు నంబరు రాసుకోండి." ఇంతే.

రెండేళ్ళ కిందట ఆవిడ కుడిచెవిలో హోరు మొదలైంది. ఫోను పెట్టేశాక కూడా ఎవరో అవతల లైన్లో ఉన్నట్టే సన్నగా, తెగకుండా మోత. చెవి డాక్టరు గొట్టం పెట్టి చూసి, "నరం అలసిపోయిందమ్మా. పూర్తిగా పోయేది కాదు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే ఎక్కువ వినిపిస్తుంది. పక్కన ఏదో ఒక సన్నటి చప్పుడు ఉంటే మరుగున పడుతుంది" అన్నాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఇంటి పోరు తగ్గి చెవి హోరు పెరిగింది. ఫ్యాను పెట్టాం. రేడియోలో స్టేషను లేని చోట గరగర పెట్టాం. ఫోన్లో వాన చప్పుడు పెట్టాం. ఆ వానలో ప్రతి నాలుగో నిమిషానికీ ఎవడో దగ్గుతాడు.

"వాడి దగ్గు కోసం కాచుకుని పడుకుంటున్నానండీ" అంది మా ఆవిడ. "దగ్గాక, హమ్మయ్య అనుకుని మళ్ళీ తరవాతి దగ్గు కోసం."

నాలుగు నెలలపాటు ఆవిడకి రోజుకి రెండు గంటల నిద్ర. ఒకరోజు పొద్దున్నే పాలగిన్నె అనుకుని ప్లాస్టిక్ నీళ్ళ సీసా పొయ్యి మీద పెట్టింది. ఆ వాసనకి లేచి వచ్చేసరికి ఆవిడ కరుగుతున్న సీసాకేసి చూస్తూ అక్కడే నిలబడి ఉంది, ఎవరి పొయ్యో అన్నట్టు.

ఆ వారంలోనే ఒక రొట్టెల దుకాణం వెనక గదిలో పెద్ద ఫ్రిజ్ బాగు చేయడానికి వెళ్ళాను. కంప్రెసర్ దగ్గర వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ ఒక కీచురాయి చేరి కూర్చుంది. దుకాణం ఆయన పురుగులమందు డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పేరులో రాయి ఉందే గానీ చేతిలోకి తీసుకుంటే బియ్యపుగింజంత బరువు లేదు. ఫ్రిజ్‌ని నమ్ముకుని బతికేవాడు, నావాడే అనిపించింది. అన్నం డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చి, చెప్పడం మరిచిపోయి పడకగది అరలో పెట్టాను. అది రాత్రంతా పాడింది. మా ఆవిడ పొద్దున్న ఏడుంపావుకి లేచింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆఫీసుకి ఆలస్యం. నిద్రపోయి ఆలస్యం. సాయంత్రం వచ్చి ఆ మాట బహుమతి వచ్చినట్టు చెప్పింది.

దాంతో పధ్నాలుగో షరతు ఆ తరవాత పధ్నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఆ దుకాణం వెనకనుంచే ఇంకొన్ని కీచురాళ్ళని పట్టుకొచ్చాను, పాత చేపల తొట్టి ఒకటి దుప్పటి చుట్టి మెట్లమీదుగా పైకి మోసుకొచ్చాను. అడుగున ఇసుక, మీద కోడిగుడ్ల అట్టలు, తడి దూది, దోసకాయ ముక్కలు, తవుడు. మగవే పాడతాయి, రెక్కకి రెక్క రాసి. ఆడవి వింటాయి. మా ఇంట్లో ఈ పద్ధతి ఎందుకో అమలు కాలేదు అన్నాను. "మీరు రెక్కలు రాయరుగా, నోరు పారేసుకుంటారు" అంది. చాలా కాలానికి ఆవిడ నాకు ఎదురు జోకు వేసింది. వాటి బతుకు రెండు మూడు నెలలే కాబట్టి తడి ఇసుక గిన్నెలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, ఏడాదిలో నాలుగు తరాలు నడిపించింది. అన్నిటికన్నా గట్టిగా అరిచేదానికి సూపర్వైజరు అని పేరు పెట్టింది. దానికి దోసముక్క వేస్తూ, "ఇప్పుడు నోరు ముయ్యండి సార్" అనేది. ఆఫీసులో అనలేని మాట.

కింది ఫ్లాటులో పళ్ళ డాక్టరు ఉంటాడు. ఒకరోజు పళ్ళు నూరుకుంటూ పైకి వచ్చాడు.

"మీ ఇంట్లోంచి ఏదో గీ అని మోత వస్తోంది. రోజంతా నేను వినేది ఆ డ్రిల్లు చప్పుడే. ఇంటికొచ్చాక కూడా అదేనా నా ప్రారబ్ధం?"

"ఫ్రిజ్ అండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"మీరు ఫ్రిజ్ మెకానిక్ కదా."

"అవునండీ."

"మీ ఫ్రిజ్జే అలా అరుస్తుందా?"

అప్పుడు నాకు అర్థమైంది, నేను ఏం తాకట్టు పెట్టానో. నలభై ఫ్లాటుల భవనం. వారం తిరక్కుండా ఆ మాట నలభై తలుపులూ తట్టింది. అంతవరకూ నన్ను పిలిచిన మూడు కుటుంబాలు పక్కవీధి కుర్రవాణ్ణి పిలుచుకున్నాయి. పేరు మోసిన మెకానిక్కుని కాస్తా ఫ్రిజ్ మోసం మెకానిక్కునయ్యాను. అయినా ఆ అబద్ధాన్ని గట్టిగానే పట్టుకున్నాను. మా ఆవిడ నిద్రపోతోంది. నా పేరు దానికన్నా ఎక్కువేం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, అసలు దొంగ అక్కడే ఉన్నాడు. మా ఆవిడ ఇంట్లో కూడా ఫిర్యాదులకి నంబరు ఇస్తుంది. ఫ్రిజ్ మీద ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. బాత్రూం గడియ ఊడితే కంప్లయింటు నంబరు నాలుగు. నా సాక్సులు సోఫా కింద దొరికితే తొమ్మిది. సరదాకి మొదలుపెట్టింది. ఆవిడ ఆఫీసులో ఒక చాటుమాటు పద్ధతి ఉంది: ఏ ఫిర్యాదు అయినా మూడు రోజులు దాటితే సూపర్వైజరు తెరమీద ఎర్రగా కనపడుతుంది. అందుకని మూడోరోజు సాయంత్రం, కుళాయిలో నీళ్ళు వచ్చినా రాకపోయినా, "పరిష్కరించబడింది" అని కొట్టి మూసేస్తారు. ఫిర్యాదు చేసినవాడు మళ్ళీ ఫోను చేసి తిడితే కొత్త నంబరు ఇస్తారు. ఆ విద్య నాకు ఆవిడే నవ్వుతూ నేర్పింది. నేనూ నవ్వుతూ నేర్చుకున్నాను.

కంప్లయింటు నంబరు పదిహేడు: "ఫ్రిజ్‌లో పైఅరలో పాలు గడ్డకడుతున్నాయి. అప్పుడప్పుడు."

ఊరందరి ఫ్రిజ్‌ల మీదా నాది డేగకన్ను. ఇంటి ఫ్రిజ్ మీద మాత్రం శీతకన్ను. తెలిసిన జబ్బే. లోపల చలి చాలిందనగానే మోటారుని ఆపే థర్మోస్టాట్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. అది అప్పుడప్పుడు పట్టేస్తోంది. పట్టేస్తే మోటారు ఆగదు, లోపల గడ్డకట్టేదాకా చలి పెరుగుతూనే ఉంటుంది. స్క్రూడ్రైవరు పిడితో దానిమీద ఒక దెబ్బ కొడితే టక్కుమని విడుతుంది. కొత్తది వేయడం పావుగంట పని. నేను ఒక దెబ్బ కొట్టి, నోటుబుక్కులో పదిహేడు ఎదురుగా "పరిష్కరించబడింది" అని రాసి, ఆఫీసు ముద్రలాగా చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశాను. మా ఆవిడ చూసి నవ్వింది. పాలగిన్నెను కింది అరలోకి మార్చుకుంది. ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక శనివారం ఇంటాయన ఫోను చేశాడు. "రేపు పదకొండింటికి వస్తా. డాక్టరు గారూ వస్తారు. మీ ఫ్రిజ్ మోత ఏమిటో స్వయంగా వింటా."

మా ఆవిడ వెంటనే తొట్టి దగ్గరికి వెళ్ళింది. "మా అక్కా వాళ్ళింట్లో పెడదాం తొట్టి."

"మీ అక్క బొద్దింకని చూసి మంచం ఎక్కే మనిషి. కీచురాళ్ళని చూస్తే మిద్దె ఎక్కుతుంది. పైగా పట్టపగలు ఆ తొట్టి మోసుకుంటూ మెట్లు దిగితే భవనమంతా చూస్తుంది. నాకు వదిలెయ్. చలితో నాకు పాతికేళ్ళ పరిచయం. చలి పెరిగితే చలనం పోతుంది. ఒక అరగంట ఫ్రిజ్‌లో పెడితే నోరు మూసుకుని నిద్రపోతాయి. బయటికి తీసి వెచ్చబెడితే మళ్ళీ లేస్తాయి. ఏం కాదు."

"మన ఫ్రిజ్‌లోనా?"

"మన ఫ్రిజ్‌కేం?"

ఆవిడ నోటుబుక్కుకేసి చూసింది. పదిహేడు ఎదురుగా నా రాత ఉంది, చుట్టూ ముద్ర ఉంది.  మూసేసిన ఫిర్యాదు గురించి మాట్లాడకూడదని ఆవిడకి పదకొండేళ్ళ శిక్షణ.

ఆదివారం పదిన్నరకి పెద్దవాటిని పద్నాలుగింటినీ, తొమ్మిది మగ, ఐదు ఆడ, మూతకి బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం. గుడ్లున్న ఇసుక గిన్నెతో సహా తొట్టిని మంచం కిందికి తోసి బట్టలు కప్పాం. డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టాను. ఎవరైనా తలుపు తెరిచినా కనపడకూడదని పైఅరలో, ఐసుగదికి ఆనించి, ఊరగాయ కుండ వెనక్కి తోశాను. ఆ అరలోంచి పాలు ఎందుకు దిగిపోయాయో ఆ క్షణంలో గుర్తురాలేదు. తెలివి ఎక్కువైనవాడికి మతిమరుపు ఉచితం.

పదకొండూ ఇరవైకి వచ్చారు. ఇంటాయన ముందు గోడలు చూశాడు. మేకులు లెక్కపెట్టాడు.

"పోయినసారి ఏడు. ఇప్పుడు ఎనిమిది."

"ఆ ఎనిమిదోది మేకు కాదండీ, ఈగ" అన్నాను. ఈగ ఎగిరిపోయింది. ఆయన పుస్తకంలో కొట్టేశాడు. తరవాత వంటగదిలోకి వచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. అంతవరకూ ఇంటాయన, అక్కడినుంచి వింటాయన.

"ఏదయ్యా మోత?"

అప్పుడు తెలిసింది నా తెలివికి ఎన్ని అంచులున్నాయో. కీచురాళ్ళ నోరు మూయించాను సరే. మరి ఫ్రిజ్ అరుస్తుందని కదా ఏడాదిగా నేను చెబుతున్నది. ఇప్పుడది అరవాలి. పాపం, ఫ్రిజ్ దాని మానాన అది సన్నగా హుం అంటోంది.

"ఎప్పుడూ రాదండీ. ఉండుండి వస్తుంది."

"నాకు ఏ పనీ లేదు" అన్నాడు ఇంటాయన. కుర్చీ తెప్పించుకుని ఫ్రిజ్‌కి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. మా ఆవిడ గుమ్మంలో. గోడ గడియారం పన్నెండు కావస్తోంది.

ఆయన కూర్చున్నంతసేపూ నేను ఎన్ని కబుర్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఇంటాయన మాత్రం తన సర్వే రోజుల్లో ఒక కొండని మూడుసార్లు కొలిస్తే మూడు ఎత్తులు వచ్చిన సంగతి చెప్పాడు. మూడు ఎత్తులూ విడివిడిగా వివరించాడు. పన్నెండుంపావుకి చల్లటి మంచినీళ్ళు అడిగాడు. నేను ఫ్రిజ్ వైపు కదలకముందే మా ఆవిడ కుళాయినీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకుని కుళాయినీళ్ళా అమ్మా?"

"ఈయన గొంతుకి పడవండీ, మేం చల్లనీళ్ళు పెట్టం" అంది మా ఆవిడ. ఆవిడ కళ్ళు గడియారం మీద ఉన్నాయి. అరగంట అన్నాను నేను. దాదాపు రెండు గంటలైంది.

"నేను వెళ్ళొస్తానండీ, ఇదేదో ఇవాళ అరిచేలా లేదు" అన్నాడు పళ్ళ డాక్టరు.

"కూర్చోండి. అరవకపోతే ఇంకేదో అరుస్తోందన్నమాట. అదీ తేల్చుకునే వెళదాం" అన్నాడు ఇంటాయన. చెవి ఫ్రిజ్ తలుపుకి ఆనించాడు. కాసేపు విని తల ఎత్తి నాకేసి చూశాడు.

"మోతంటే ఏమీ లేదు గానీ, ఏమయ్యా, నేనొచ్చినప్పటినుంచీ ఇది ఒక్కసారి కూడా ఆగలేదు. మా ఇంట్లోది పావుగంటకోసారి ఆగుతుంది. ఇదసలు ఆగదా?"

పాతికేళ్ళుగా ఊరందరి ఫ్రిజ్‌లకి చెవి పెట్టి విన్నవాణ్ణి. నా ఫ్రిజ్ సంగతి నాకు ఒక సర్వేయరు చెప్పాల్సి వచ్చింది.  మా ఆవిడకేసి చూశాను. ఆవిడ అప్పటికే నాకేసి చూస్తోంది.

"పదిహేడు" అంది. అంతే.

ఇంటాయన కుర్చీని పక్కకి నెట్టి, ఆయన చూస్తుండగానే ఫ్రిజ్ తలుపు తెరిచింది. కుండ బయటికి తీసి గట్టు మీద పెట్టింది. వెనకనున్న డబ్బా ఐసుగదికి అంటుకుపోయింది. రెండు చేతులతో లాగితే చిన్న చప్పుడుతో ఊడింది. మూత లోపలివైపు తెల్లగా మంచు. ఆవిడ మూత తీసి చూసింది. ఏవీ కదలడం లేదు. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, గుడ్ల అట్ట ముక్కకి అతుక్కుని, పద్నాలుగూ.

"ఏమిటమ్మా అవి?" అన్నాడు ఇంటాయన.

ఆవిడ నేలమీద చతికిలబడి, డబ్బాని ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన వెచ్చటి చోట పెట్టి, చీరకొంగు కప్పింది. అలా కూర్చునే మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు పెద్దగా లేదు మొదట.

"కీచురాళ్ళండీ. ఏడాదినుంచి పెంచుతున్నాను. మోత వీటిదే, ఫ్రిజ్‌ది కాదు. డాక్టరు గారూ, మీరు వినే డ్రిల్లు సాయంత్రం ఆరింటికి స్విచ్చి ఆపితే ఆగుతుంది. నా చెవిలోదానికి స్విచ్చి లేదు. ఇవి అరిస్తే అది తగ్గుతుంది, నేను నిద్రపోతాను. మీకు చెబితే మీరు ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు. చెప్పనేలేదు, అది నా తప్పే."



"అగ్రిమెంటులో రాసే ఉంది కదమ్మా" అన్నాడు ఇంటాయన.

అప్పుడు లేచింది గొంతు. పదకొండేళ్ళ గొంతు అది. ఫ్రిజ్ మీది గిన్నెలు కదిలాయా అనిపించింది.

"ఉంది. చదివాను. సింకు కింద బొద్దింకల గురించి మీకు ఆరుసార్లు చెప్పాను. అదెక్కడన్నా రాసుకున్నారా? మేకులు లెక్కపెట్టారు, దూరాలు కొలిచారు, ఈగని కూడా లెక్క రాశారు. ఆరుసార్లూ ‘చూస్తాలే అమ్మా’ అన్నారు. ఆ మాట నాకు తెలీదా అండీ? రోజుకి నలభైమందికి నేను చెప్పే మాట అది. నీళ్ళు రాని వాళ్ళకి నీళ్ళొచ్చాయని రాసి మూసేస్తాను. వాళ్ళు మర్నాడు నన్ను తిడతారు. తిట్టరా మరి? ఆ తిట్లే ఈ చెవిలో ఉన్నాయి. ఇంకెక్కడినుంచి వచ్చాయనుకున్నారు?"

తరవాత నావైపు తిరిగింది. నావైపు తిరిగేసరికి గొంతు దిగిపోయింది. అరిచినా బాగుండును.

"మీరు దాని చుట్టూ గీత కూడా గీశారు" అంది.

తెరిచే ఉన్న ఫ్రిజ్ తలుపు మూశాను, జోకు వేయకుండా. నన్ను ఎరిగినవాళ్ళు నమ్మరు.

ఇంటాయన లేచి, మోకాళ్ళు పట్టుకుని వంగి, కొంగు పక్కనుంచి డబ్బాలోకి చూశాడు. జేబులోంచి టేపు తీశాడు. తీసి, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కొంచెం లాగి వదిలేశాడు.

"అంగుళం కూడా లేవే. ఇంతున్నవి అంత చప్పుడు చేస్తాయా?"

"చేసేవి" అంది మా ఆవిడ.

ఆయన టేపు జేబులో పెట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే, "షరతు షరతేనమ్మా. నెల టైమిస్తున్నా" అన్నాడు. పళ్ళ డాక్టరు ఆయన వెనకాలే చల్లగా జారుకున్నాడు.

మధ్యాహ్నం నాలుగింటికి మూడు కదిలాయి. రెండు ఆడవి, ఒక చిన్న మగది. సూపర్వైజరు కదల్లేదు. మిగిలిన పదకొండింటినీ మా ఆవిడ ఒక కాగితం మీద వరసగా పెట్టి చాలాసేపు చూసింది. బతికిన మగదానికి ఒక రెక్క చిట్లింది. రెక్కకి రెక్క రాస్తేనే పాట. ఒంటిరెక్కతో పాట లేదు. తొట్టిలో ఇసుక గిన్నె ఉంది, అందులో గుడ్లున్నాయి. అవి పిల్లలై, పెరిగి, రెక్కలొచ్చి పాడేసరికి రెండు నెలలకి పైమాటే. మాకున్నది నెల.

ఆ సాయంత్రమే నేను నేలమీద పడుకుని కొత్త థర్మోస్టాట్ వేశాను. పావుగంట కూడా పట్టలేదు, పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాల్లో నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఆవిడ ఆఫీసులో కూడా విని ఉండదు. లేచి నోటుబుక్కు తీస్తే, పదిహేడు ఎదురుగా నా ముద్ర మీద ఆవిడ అడ్డంగా గీత కొట్టేసి ఉంది. పక్కన "పరిష్కారం కాలేదు" అని రాసి ఉంది.

సోమవారం ఆఫీసులో ఆవిడ ముప్ఫయ్యొక్క ఫిర్యాదులు మూయకుండా వదిలేసిందట. తెరంతా ఎర్రబడింది. అసలు సూపర్వైజరు, మనిషి, పరుగెత్తుకొచ్చి, "ఇదేంటమ్మా?" అన్నాడట. "నీళ్ళు రాలేదు సార్, అందుకని మూయలేదు" అందట. ఆయన ఇంకేదో అంటుంటే, ఏడాదిపాటు దోసముక్క వేస్తూ సాధన చేసిన మాట వాడేసింది. మెమో వచ్చింది. మడిచి నోటుబుక్కులో పెట్టింది.

ఇప్పుడు ఇళ్ళు వెతుకుతున్నాం. ఫోను నా చేత చేయిస్తుంది, ఎదురుగా కూర్చుని. మొదటి మాటే అది చెప్పాలి. గ్యాసు కొట్టకూడదు.

"నమస్కారమండీ, ఇల్లు అద్దెకని విన్నాం. ఇద్దరమే. కీచురాళ్ళున్నాయి... కాదండీ, ఉంటే పట్టించడం కాదు, మేమే తెచ్చుకుంటాం. అరుస్తాయండీ. రాత్రంతా."

ఇప్పటికి తొమ్మిదిమంది ఫోను పెట్టేశారు. పదో ఆయన వెంటనే పెట్టేయకుండా "తెగులు పట్టిందా మీకు" అని అడిగి మరీ పెట్టేశాడు. ఇసుక గిన్నె కంప్రెసర్ పక్కన ఉంది. నిన్న పొద్దున్న అందులో ఆవగింజలంత నల్లటివి నాలుగు నడిచాయి. మా ఆవిడ భూతద్దం పెట్టి చూసింది.

ఆవిడ నిద్ర మళ్ళీ రెండు గంటలకి దిగిపోయింది. నేను బాగుచేసిన ఫ్రిజ్ వల్ల కూడా. అది పాడైనన్నాళ్ళూ ఎక్కువసేపు హుం అంటూ ఉండేది, అదీ కొంత ఆసరాగా ఉండేదట. ఇప్పుడు బుద్ధిగా ఇరవై నిమిషాలు తిరిగి టక్కుమని ఆగుతుంది. ఆగగానే ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడ చెయ్యి కుడిచెవి మీదకి వెళుతుంది.

ఇవాళ మధ్యాహ్నం అలాగే ఆగింది. ఆవిడ దోసకాయ తరుగుతోంది. చెయ్యి చెవి మీదకి వెళ్ళింది. నాకు ఏం చేయాలో తోచక నోటికొచ్చింది అందుకున్నాను. అద్దె ఇల్లంటే అద్దంలో ఇల్లు, కనపడుతుంది గానీ మనది కాదన్నాను. ఇంటాయన కొండని మూడుసార్లు కొలిచాడు గానీ గుండెని ఒక్కసారీ కొలుచుకోలేదన్నాను. పళ్ళ డాక్టరు పళ్ళు పీకుతాడు గానీ మన ప్రాణం పీకినందుకు ఫీజు తీసుకోలేదన్నాను. ఆవిడ తలెత్తలేదు గానీ, చెయ్యి చెవి మీదనుంచి దిగి మళ్ళీ దోసకాయ పట్టుకుంది. పది రోజులుగా నాతో లెక్కప్రకారమే మాట్లాడుతోంది.

"మీ జోకులు చచ్చుగా ఉన్నాయి" అంది కాసేపటికి.

"ఆపనా?"

కత్తి ఆగింది. ఫ్రిజ్ ఇంకా అందుకోలేదు.

"ఆపితే చంపుతాను" అంది.